చీటీ మీద తొమ్మిదీ ఇరవై అయిదు

ఆరేళ్ళుగా పిల్లల కోసం టైలరమ్మ చేయించుకోని పరీక్ష లేదు. రక్తం ఇచ్చింది, స్కానింగులు తీయించుకుంది, గర్భనాళాలు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్సరేకి పంటి బిగువున పడుకుంది. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మిగిలింది గడియారాలు బాగుచేసే ఆమె మొగుడి వీర్యపరీక్ష ఒక్కటే. ఆ మాటెత్తగానే గడియారాలాయనకి ఎక్కడలేని పనీ గుర్తొచ్చేది. "నాకేం రోగం?" అని భూతద్దం కంటికి తగిలించుకునేవాడు. అద్దం కంటికి ఉన్నంతసేపూ ఆయన్ని పలకరించకూడదని ఆ ఇంట్లో చట్టం. చట్టం ఎవరు చేశారో వేరే చెప్పాలా?

పోయిన నెల డాక్టరమ్మ కలానికి మూత పెట్టేసింది. "ఆయన పరీక్ష కాకుండా నీకు ఇంకొక్క మాత్ర రాయను. లోపం ఎక్కడుందో తెలియకుండా నిన్నెందుకు మింగమనాలి?" అంది. ఆ సంగతి విని గడియారాలాయన మూడు రోజులు అద్దం దించలేదు. నాలుగో రోజు అద్దం తియ్యకుండానే, "ల్యాబుకి నేను రాను. ఇంట్లోనే ఇస్తాను, నువ్వు పట్టుకెళ్ళు. ఒక్కసారే. మళ్ళీ అడగొద్దు" అన్నాడు. అదే పదివేలు అనుకుంది టైలరమ్మ.

ల్యాబు అమ్మాయి ఫోనులో చెప్పినవి రెండే ముక్కలు. శాంపిలు డబ్బా ఒంటి వెచ్చదనంలో ఉండాలి, గంటలోపు తమ చేతికి రావాలి. గంట దాటితే తీసుకోరు, అందుకని మూత మీద టైము రాసిన చీటీ అంటించాలి. టైలరమ్మ డబ్బా చుట్టూ టేపు పెట్టి కొలిచి, జాకెట్టు లోపల ఎడమవైపు దానికి సరిపడా జేబు కుట్టుకుంది. ఎన్నో పెళ్ళి జాకెట్లు కుట్టింది గానీ ఇంత శ్రద్ధగా ఏదీ కుట్టలేదు.

పొద్దున ఆయన పడకగదిలోంచి వచ్చి, మొహం చూడకుండా డబ్బా చేతిలో పెట్టాడు. ఆమె జేబులో దోపుకుని గడప దాటబోతుంటే అత్తగారు సూది పట్టుకుని ఎదురొచ్చింది.

"దారం ఎక్కించి పోవే, కళ్ళు కనబడి చావట్లేదు. ఇంతకీ ఎక్కడికి?"

"గుండీలకి అత్తయ్యా."

"గుండీలకి ఇంత పరుగు పెట్టేదాన్ని నిన్నే చూశాను."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని మనవణ్ణి ఏ బళ్ళో వెయ్యాలో కూడా తేల్చేసుకున్న మనిషి ఆవిడ. కొడుకుని పరీక్షకి పంపాలన్న ఆలోచన మాత్రం ఆవిడకి కలలో కూడా రాలేదు. టైలరమ్మ తొందరలో దారం మూడుసార్లు తప్పింది. నాలుగోసారికి ఎక్కించి వీధిలో పడింది.

బస్సులో సీటున్నా కూర్చోలేదు. మోచెయ్యి పక్కటెముకలకి అదిమిపెట్టి, కాలుగాలిన పిల్లిలా రెండు అడుగులు ముందుకీ రెండు వెనక్కీ తిరిగింది. "చెయ్యి నొప్పా అమ్మా?" అని ఒకావిడ అడిగితే తలూపింది. డ్రైవరు నెత్తిమీద గడియారంలో తొమ్మిదీ ఇరవై రెండు. పైట చాటున డబ్బా బయటికి తీసి చీటీ చూసింది. ముత్యాల్లాంటి అక్షరాలతో తొమ్మిదీ ఇరవై అయిదు అని ఉంది.

ఇంకా రాని టైము.

రిపేరుకొచ్చిన గడియారం ముల్లుని ఆయన వెంటనే ముట్టుకోడు. ఎంత తప్పుతోందో రెండు రోజులు చూస్తాడు. ఆ తప్పుని ఒక చీటీ మీద రాయించి దానికే వేలాడదీస్తాడు. షాపులో చోటు చాలక పడకగది గోడకెక్కించిన పెద్ద గడియారం బడివాళ్ళది. దాని చీటీ రాసింది టైలరమ్మే. ఇరవై అయిదు నిమిషాలు ముందు. పొద్దున కంగారులో ఆయన దాన్నే చూసి రాశాడు. ముప్పై గడియారాలున్న ఇంట్లో ఆ మహానుభావుడికి అదే దొరికింది.

అంటే అసలు టైము తొమ్మిది, నిజం గడువు పదింటికే తీరిపోతుంది. ఆమె మనసులోనే బస్సుని నెట్టింది. బస్సు మాత్రం ప్రతి స్టాపులోనూ పెళ్ళినడక నడిచింది. ల్యాబు మెట్లెక్కేసరికి పదీ ఎనిమిది.

ల్యాబు అమ్మాయి చీటీ చదివింది. "నలభై మూడు నిమిషాలు. సరిపోతుంది. టైము కరెక్టేనా?"

"ఆయన స్వయంగా రాశారు" అంది టైలరమ్మ. అబద్ధం కాదు. నిజమూ కాదు.

డబ్బా ట్రేలోకి వెళ్ళింది. ఆమె బెంచీ మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. చెబితే డబ్బా పారేస్తారు, ఆయన జన్మలో మళ్ళీ ఒప్పుకోడు. చెప్పకపోతే రిపోర్టు ఎలా వచ్చినా దాన్ని నమ్మడానికి లేదు. బాగోలేదని వస్తే, లేని లోపం ఆయన నెత్తిన పడుతుంది. ఆరేళ్ళు తన నెత్తిన పడినట్టే. పడితే పడనీ అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా లేవలేదు.

అప్పుడు తలుపు తోసుకుని గడియారాలాయన వచ్చాడు. సైకిలు తొక్కీ తొక్కీ చొక్కా తడిసిపోయింది, భూతద్దం ఇంకా నుదుటి మీదే ఉంది. నిండా జనమున్న హాల్లో ఎవరివంకా చూడకుండా నేరుగా కౌంటరు దగ్గరికి నడిచాడు.

"ఆ డబ్బా మీద టైము తప్పండి. ఇరవై అయిదు నిమిషాలు. రాసింది నేనే."

"అయితే గంట దాటిపోయింది సార్. పనికిరాదు."

ఆయన వెనక్కి తిరిగి పెళ్ళాన్ని చూశాడు. "నీకు తెలుసా?"

"బస్సులో తెలిసింది."

"మరి చెప్పలేదే?"

"చెబితే మళ్ళీ ఒప్పుకుంటారా మీరు?"

తప్పు టైము తన చేతి రాతతో ఒక ఊరు దాటి వెళ్ళిపోతే ఓర్చుకోలేక పరిగెత్తుకొచ్చిన మనిషి, ఆరేళ్ళుగా ఆమె ఒక్కతే ఈ బెంచీల మీద కూర్చుందన్న సంగతి ఇప్పుడే చూస్తున్నట్టు ఆ బెంచీ వంక చూశాడు. నుదుటి మీది అద్దం తీసి జేబులో వేసుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడు ఇవ్వచ్చండీ?" అన్నాడు కౌంటరు వైపు తిరిగి.

"మూడు రోజులాగి రండి. ఇక్కడే గది ఉంది, ఈ మోతలు అక్కర్లేదు." ల్యాబు అమ్మాయి అలవాటుకొద్దీ టైలరమ్మ ఫైలు ముందుకు లాక్కుని, హాలంతా వినబడేట్టు అడిగింది. "పరీక్ష ఎవరికి?"

బెంచీల మీది తలలన్నీ లేచాయి. టైలరమ్మ అలవాటుకొద్దీ తనే లేవబోయింది.

ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడి కూర్చోబెట్టింది.

"నాకేనండి" అన్నాడు. "నా పేరు మీద వేరే ఫైలు తెరవండి."