వరసలో మొదటి ఆటో

మా తమ్ముడు హరిబాబు కామెర్లతో పోయాక అతని ఆటో చెరుకు కోతల దాకా పశువులశాల పక్కన టార్పాలిన్ కిందే ఉండిపోయింది. కొంటామని ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు. మరొకడు వచ్చి టైర్లు నొక్కి చూస్తుంటే తమ్ముడి భార్య దుర్గాదేవి తలుపు వెనక నుంచి "అమ్మం" అంది.

"అమ్మక ఏటి సేస్తావే? పూజ సేస్తావా?" అంది మా అమ్మ అచ్చియ్యమ్మ.

"నేనే తోల్తాను."

మా అమ్మ ముందు నవ్వింది. తరవాత ఏడ్చింది. ఆ రాత్రి కోడలు వండిన అన్నం తినలేదు.

చెరుకు కొట్టేసిన చేలో దుర్గ తోలడం నేర్చుకుంది. మోడులకు చక్రాలు తగిలి ఆటో ఎగిరెగిరి పడేది. మా అమ్మ గట్టు మీద కూర్చుని తిట్టేది. "బ్రేకు తొక్కే. దాన్ని బతిమాల్తావేటి, అదేమైనా నీ మొగుడా?" అని, ఆ మాట అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

నాకు ఆటో తోలడం రాదు. నేర్పింది దాసు. చోడవరం స్టాండులో పెద్ద అతను, హరిబాబు పాడె మోసినవాడు. లైసెన్సు చేతికొచ్చాక "కోటపాడు లైన్లో హరి సీరియల్, ఆడి వంతు, నీదేనమ్మా" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా.

మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావ ఎదురుగా కూర్చోదు. నాతో చెప్పవలసినది మా అమ్మతో చెబుతుంది, నాకు వినబడేలా. మొదటి రోజున తోడు వెళ్ళమని మా అమ్మ నన్నే పంపింది. వెనక సీట్లో ఓ మూల కూర్చున్నాను. అద్దంలో ఆమె కళ్ళు కనబడినప్పుడల్లా రోడ్డు పక్కకు చూశాను.

ఆ స్టాండులో ముందున్న ఆటో నిండి కదిలేదాకా వెనకదాంట్లో ఎవర్నీ ఎక్కించకూడదు. అది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. దుర్గ వంతు వచ్చింది. నేను దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డాను.

మొదట పెళ్లిచూపులకు వెళ్ళేవాళ్ళు వచ్చారు. చేతుల్లో పళ్ళు, పూలు. పెద్దాయన ఒక కాలు లోపల పెట్టాడు.

"ఎక్కండి బాబూ, కోటపాడే" అని దుర్గ వెనక్కి తిరిగింది.

ఆయన ఆమె నుదురు చూశాడు. పెట్టిన కాలు మెల్లగా తీశాడు. "ఒకలు రావాలమ్మా" అన్నాడు.

తరవాత బోరు వేయించడానికి కొబ్బరికాయతో బయల్దేరిన రైతు వచ్చాడు. ఆయనకు ఏదో మరిచిపోయినట్టు గుర్తొచ్చింది. బిడ్డకు జ్వరమని డాక్టరు దగ్గరకు తీసుకుపోతున్న ఆడమనిషి దగ్గరదాకా వచ్చి, బిడ్డ తల మీద కొంగు కప్పి నిలబడిపోయింది. ఎవరూ ఒక్క మాట తూలలేదు. తూలి ఉంటే తగువైనా పెట్టుకునేవాణ్ణి. పొద్దున్నే ఎవరి పని వాళ్ళకు మంచిగా జరగాలి. బోరు వేయించే రోజైతే నేనైనా ఎక్కుదునా? అది నాకు నేనే తేల్చుకోలేకపోయాను.

ఎండ ముదిరింది. వెనక ఆటోలు పెరిగాయి.

"ఏటన్నా ఇది, రేషన్ కొట్టు కాడ లైనైపోనాది" అన్నాడు ఉదయ్‌కుమార్ అనే కుర్ర డ్రైవరు. ఒకరిద్దరు నవ్వారు.

"నోర్ముయ్యండ్రా" అని దాసు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఏటనుకోకన్నా. ఓ స్టిక్కరు బొట్టు ఎట్టుకోమను. ఎవులికి తెలుస్తాది?"

"నువ్వే సెప్పు."

"నానెలా సెప్తాను? ఇంటి పెద్దవి నువ్వు."

ఆమె విననే వింది. ఆటో దిగి మా ముందుకు వచ్చి నిలబడింది.

"పదోరోజున అందరూ కూకుని బొట్టు తీయించేరు. అప్పుడు నన్నెవులూ అడగనేదు. ఇయ్యాల ఆటో ఖాళీగుందని ఎట్టుకోమంతన్నారు. సాయంత్రం ఇంటికెల్లి తీసెయ్యాలా, ఉంచుకోవాలా దాసన్నా? అదీ సెప్పెయ్యండి."

దాసు చెప్పుతో నేల రాస్తూ ఉండిపోయాడు. ఆమె నా వైపు తిరిగింది.

"మీరేటంతారు బావా?"

మా ఇంటికి కోడలై వచ్చాక ఆమె నన్ను నేరుగా అడిగిన మొదటి మాట అది. అందరూ నా నోటికేసి చూశారు. ఆటో వైపు నడుస్తూ "నేనెక్కుతాను, పోనీ" అన్నాను.

"ఇంటోల్ల బోణీ ఏటి బోణీ అన్నా?" అన్నాడు ఉదయ్‌కుమార్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను తప్ప ఎవరూ లేకుండానే ఆటో కదిలింది. దారి పొడుగునా మనుషులు చేతులు ఎత్తారు. దగ్గరకొచ్చేసరికి దించుకున్నారు. ఒకడు ఎత్తిన చేత్తో తల గోక్కున్నాడు. దుర్గ ప్రతి చోటా ఆపింది. ఆపిన ప్రతిసారీ "కోటపాడు, కోటపాడు" అని పిలిచింది. ఊళ్ళు దాటేకొద్దీ ఆ గొంతు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

కోటపాడులో తిరుగు వరస చివర ఆటో నిలిపింది.

"మీరిక్కడ దిగిపోండి బావా. మీరు కూడా ఉంటే పలానోల్ల కోడలని తెలిసి మాట ఇంటి మీదకొస్తాది. నన్ను సూసి ఎవులేటనుకుంటే అది నేను పడతాను."

దిగాను. ఎదురుగా సైకిలు షాపు రేకు కింద నిలబడ్డాను. అక్కడా అదే కట్టుబాటు. ముందున్న ఆటోలు ఒక్కొక్కటీ నిండి వెళ్ళాయి. ఆమె వంతు వచ్చింది.

గొడుగు పట్టుకున్న ముసలాయన నన్ను అడిగాడు. "సోడవరం ఏదెల్తాది బాబూ?"

చెయ్యి చూపించాను. ఆయన వెళ్ళి, వంగి, లోపలికి చూసి, తిరిగి వచ్చాడు.

"ఇంకోటి నేదా?"

"నేదు. అదే" అన్నాను. వెనక ఆటోలు నిలబడి ఉన్నాయి, ఆయనకూ కనబడుతున్నాయి.

ఆయన నాకూ ఆటోకూ మధ్య, గొడుగు కింద ఆగిపోయాడు. వెనక డ్రైవరు హారన్ కొట్టాడు. దుర్గ ఇంజను స్టార్టు చేసింది. మళ్ళీ ఖాళీగా పోతుంది కాబోలనుకున్నాను.

పోలేదు. ఇంజను ఆపేసింది. తాళంచెవి తీసి బొడ్లో దోపుకుని, సీటుకు జారగిలబడి కూర్చుంది. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా. ఆమె తిరిగి చూడలేదు.

ముసలాయన కదల్లేదు. నేనూ కదల్లేదు. ఇంటికి పోవాలంటే ఇద్దరికీ ఆ ఆటో కదలాలి.