పన్నెండు మొహాలూ కోపమే

పెళ్లయి నలభై రోజులే అయిన కౌన్సెలరమ్మకి ఆ బుధవారం పొద్దున్న కాళ్లు నేల మీద నిలవడం లేదు. సంచిలో పన్నెండు కొత్త ఫొటోలున్నాయి మరి. బాలికల హోమ్‌లో, మొహం చూసి మనసులో ఏముందో పిల్లల చేత చెప్పించడానికి ఇన్నాళ్లూ వాడిన మొహాల కార్డులు ఎంతగా అరిగిపోయాయంటే, ఏడుస్తున్న మనిషికి ముక్కే మిగల్లేదు. అందుకని ఆదివారం వాళ్లాయన్ని వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, “బాధపడు, ఆశ్చర్యపడు, ఏమీ తోచనట్టు ఉండు” అని హుకుం జారీ చేసి తనే తీసింది. బాధపడమంటే ఆయనకి నవ్వాగలేదు. చివరికి ఉల్లిపాయలు తరిగించి పని కానిచ్చింది. ఆ సాయంత్రమంతా నవ్వీ నవ్వీ ఇద్దరికీ డొక్కలు నొప్పెట్టాయి.

ఆ ఫొటోలు చూడాల్సింది మిరపకాయ. పదహారేళ్ల పిల్ల, ఆ పేరు హోమ్‌లో తోటి పిల్లలు పెట్టిందే. బడిలో ఒకమ్మాయి మొహం మీద ఇనప స్కేలుతో కొడితే కనుబొమ్మ చీలి ఏడు కుట్లు పడ్డాయి. ఎందుకు కొట్టావని ఎవరడిగినా ఒకటే జవాబు: “నన్ను కోపంగా చూసింది.” హోమ్‌కొచ్చి ఏడాదయింది. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. వాళ్లు సరేనంటే, బట్టలు కుట్టే షాపు నడుపుకునే పిన్ని మళ్లీ తనింటికి తీసుకెళుతుంది. కాదంటే ఇంకో ఏడాది ఇక్కడే.

కాదనడానికే ఎక్కువ వీలుంది. వార్డెనమ్మ రాసిన నివేదికలో చివరి వాక్యం అలాంటిది: ‘చేసినదానికి పశ్చాత్తాపం లేదు, మందలిస్తే నవ్వుతుంది.’

కౌన్సెలరమ్మ బల్ల మీద మొదటి ఫొటో పెట్టింది. “ఈయన మొహంలో ఏముంది?”

“కోపం.”

“ఇందులో?”

“కోపమే.”

“మరి ఇది?”

“ఇది చాలా కోపం.” నిజానికి ఆయన అందులో సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. పన్నెండూ అయ్యాక మిరపకాయ జాలిగా తలెత్తింది. “ఎవరక్కా ఈయన?”

“మా ఆయన.”

“అయ్యో పాపం! పొద్దస్తమానం మీ మీద కారాలు మిరియాలు నూరుతూనే ఉంటాడా?”

కౌన్సెలరమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూనే, ఇలాంటి లోకంలో ఒక్క రోజు బతకడమంటే ఎలా ఉంటుందో ఊహించుకుంది. బస్సులో, బడిలో, భోజనాల దగ్గర, ఎటు తిరిగినా తన మీదికే వచ్చేలా ఉన్న మొహాలు. చెయ్యి ముందే లేచిపోదూ?

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వార్డెనమ్మ వచ్చింది. “బకెట్లు కడగమన్నానా? ఎవరు కడుగుతారనుకున్నావ్, మీ తాతా?”

మిరపకాయ లేచి నిలబడి పళ్లికిలించింది.

“చూశారా, ఆ ఇకిలింపు! ఏడాదిగా ఇదే వరస. నా ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది.”

కౌన్సెలరమ్మ చూసింది మాత్రం పళ్లని కాదు. చెప్పుల్లోంచి బయటికొచ్చిన కాలివేళ్లు నేలని పట్టుకున్నట్టు ముడుచుకుపోయాయి. మెడ మీద నరం టకటకా కొట్టుకుంటోంది.

“వార్డెనమ్మా, ఐదు నిమిషాలు కూర్చోండి, ఓ ఆట ఆడదాం,” అంది. తను కనిపెట్టిందేమిటో తనకి గట్టిగా తెలుసు. నాలుగు చీటీలు రాసి మడిచి మిరపకాయ ముందు పెట్టింది. “ఒక్కో చీటీ తీసి, అందులో ఏముంటే ఆ మొహం పెట్టవే. మనసులోది, నీకు ఎలా వస్తే అలా. వార్డెనమ్మ కనిపెడతారు.”

“నాకు చిన్నపిల్లలాటలా?” అంటూనే వార్డెనమ్మ కుర్చీ లాక్కుంది.

మొదటి చీటీకి మిరపకాయ మూతి ముడిచింది. “అలక,” అంది వార్డెనమ్మ. రెండోదానికి కళ్లు వాల్చింది. “నిద్ర. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది, నా దగ్గరా?” మూడోదానికి పళ్లికిలించింది.

“పొగరు!” అంది వార్డెనమ్మ ఠక్కున.

మిరపకాయ చీటీ తిప్పి చూపించింది. అందులో ‘భయం’ అని ఉంది.

“ఇది భయమేంటే?”

“ఏడిస్తే మా నాన్న ఇంకో నాలుగు తగిలించేవాడండీ. ఇలా పెడితే విసుగొచ్చి వదిలేసేవాడు.” ఆ పిల్ల గోళ్ల వంక చూసుకుంటూ అంది. “ఇప్పుడు నేను పెట్టకపోయినా అదే వచ్చేస్తుంది. మీరొచ్చినప్పుడల్లా వస్తుంది.”

నాలుగో చీటీ అడిగేవాళ్లు లేకపోయారు. వార్డెనమ్మ లేచి, బకెట్ల సంగతి కూడా మరిచిపోయి, మెల్లగా బయటికి వెళ్లిపోయింది.

శుక్రవారం కమిటీ గదిలో పెద్ద బల్ల వెనకాల ముగ్గురు కూర్చున్నారు. అధ్యక్షురాలు కాగితాల మీంచి తలెత్తింది. “ఆ అమ్మాయికి మచ్చ ఇంకా పోలేదు. తెలుసా నీకు?”

మిరపకాయ పళ్లికిలించింది.

అధ్యక్షురాలి కలం ఆగిపోయింది. కౌన్సెలరమ్మ లేవబోయేలోపే గోడవారనున్న వార్డెనమ్మ నిలబడింది.

“మేడమ్, అది నవ్వు కాదండీ. నివేదికలో అలా రాసింది నేనే, తప్పు నాదే. ఈ పిల్లకి పైప్రాణాలు పైనే పోతున్నాయి. ఒక్క నిమిషం ఆగి అడగండి.”

ఆగారు. మిరపకాయ పెదాలు కొంచెం కొంచెంగా దగ్గరికొచ్చాయి.

“తెలుసు మేడమ్,” అంది. “ఆ అమ్మాయి నన్ను ఎందుకు చూసిందో నాకు తెలీదు. కోపమే అనుకున్నాను. కోపమైనా కొట్టకూడదు. నేను కొట్టాను.”

ఐదు నెలలుగా ఎవరి మీదా చెయ్యెత్తలేదని కౌన్సెలరమ్మ తన రిజిస్టరు చూపించింది. ముగ్గురూ కాసేపు గుసగుసలాడుకున్నారు. ప్రతి శనివారం కౌన్సెలరమ్మ దగ్గరికి రావాలనీ, మిగతా రోజులు పిన్ని దగ్గర ఉండొచ్చనీ రాసి సంతకాలు పెట్టారు.

బయట వరండాలో పిన్ని సంచి పట్టుకుని నిలబడి ఉంది. కనుబొమలు ముడిపడి, దవడ బిగిసి ఉన్నాయి. మిరపకాయ నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది. కౌన్సెలరమ్మ అడ్డం వెళ్లలేదు.

“పిన్నీ, నా మీద కోపమా?”

“కోపం కాక? ఏడాది పాటు ఒంటిదాన్ని చేసి పోతివి. ఒళ్లు మండిపోతోంది నాకు!”

మిరపకాయ ఆ మొహాన్ని తీరిగ్గా చూసింది. చెయ్యి పైకి లేవలేదు.

“సరే అయితే,” అంది. “దార్లో తిట్టు.”

సంచి రెండో పిడి అందుకుని నడక మొదలుపెట్టింది.