ఇరవై అయిదు అక్షరాలు

అసలు ఒకదాంట్లో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు ఇంకోదాంట్లోకి వెళ్లిపోతే, వెళ్లింది అదేనా, లేక దాని ముఖం పెట్టుకున్న వేరే ఏదోనా, అనుకుంటూ అతను రెండు లాప్‌టాప్‌ల మధ్య వేసిన కేబులు వంక చూస్తూ కూర్చున్నాడు, నకలు నలభై ఒక్క శాతం అయింది, నీలం గీత నిద్రలో నడుస్తున్నట్టు కదులుతోంది, బయట వాన పడీపడనట్టు పడుతోంది, షాపు అద్దం మీద చుక్కలు ఒకదాన్నొకటి అంటుకుని జారిపోతున్నాయి, ఎడమ పక్కది అక్కది, పన్నెండేళ్లు వాడిన పాతది, మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి, మూత సందుల్లో ఇంకా సుద్దపొడి ఉంది, అక్క బళ్లో సైన్సు చెబుతుంది మరి, కుడి పక్కదీ అక్కదే, నిన్న కొన్నది, ఇంకా ప్లాస్టిక్ వాసన కొడుతోంది, పొద్దున రెండూ తెచ్చి బల్ల మీద పెట్టి, ఒరేయ్ తమ్ముడూ, నాకు కొత్త వేషాలేం వద్దు, పాతదాంట్లో ఏది ఎక్కడుందో కొత్తదాంట్లోనూ అది అక్కడే ఉండాలి, సిస్టమూ అదే, లైసెన్సూ అదే, విడిగా డబ్బాలో కొన్నది కదా, మార్చుకోవచ్చని నువ్వే చెప్పావు, ఎందుకు పారేయడం, అంది, పారేయడం నీకు చేతనైతే కదా, అన్నాడతను, అవున్రా, అందుకేగా నిన్నింకా భరిస్తున్నాను, అని నవ్వింది, అతను నవ్వలేదు, అక్క జోకులకు నవ్వడం మానేసి చాలా ఏళ్లయింది, లైసెన్సు తాలూకు కీ ఏదీ అంటే సంచిలోంచి గోధుమరంగు అట్ట వేసిన నోటుబుక్కు తీసిచ్చింది, ఆఖరి పేజీల్లో ఉంటుంది చూసుకో, నాలుగింటికొస్తా, ఇవాళైనా షాపు కట్టేసి నాతో ఇంటికి రా, మీ బావ కూడా అడుగుతున్నారు, పదకొండేళ్లయింది నువ్వు మా గడప తొక్కి, చూద్దాంలే, అన్నాడు, నీ చూద్దాంలేకి అర్థం నాకు తెలీదేమిట్రా, ఇంక అడగను, ఇదే ఆఖరు, అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది, ఆ ఆఖరు అన్న మాట మాత్రం వెళ్లలేదు, ఫ్యాను కింద తిరుగుతూ ఇక్కడే ఉంది.

యాభై రెండు శాతం, ఆఖరంటే ఆఖరేనా, పోనీ, ఏం పోయింది, పదకొండేళ్ల కిందట వెళ్లినప్పుడేమైంది, హాలు నిండా టీచర్లు, అక్కకేదో మెచ్చుకోలు పత్రం వచ్చిందని సందడి, మా తమ్ముడండీ, కంప్యూటర్ల డాక్టరు, అని అక్క చెబితే, కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన ఎంతో మర్యాదగా, ఎక్కడ చదువుకున్నారండీ, అన్నాడు, అక్క నేల చూపులు చూసింది, అతను చేతిలో కప్పు కిటికీలో పెట్టి వచ్చేశాడు, ఎనిమిదో తరగతి సగంలో ఆపేశానండీ అని చెప్పి ఉంటే ఏమయ్యేది, ఏమీ అయ్యేది కాదు, షాపుకొచ్చే ప్రతివాడూ మాస్టారూ అంటూనే ఉంటాడు, మాస్టారూ దీని ఫ్యాను మోగుతోంది, మాస్టారూ దీంట్లో టీ ఒలికింది, ఆ పిలుపు విన్నప్పుడల్లా పంటి కింద రాయి పడ్డట్టుంటుంది, ఇంట్లో మాస్టారు కావలసింది ఒక్కరే, ఆ ఒక్కరూ అక్కే అయింది, నా బెంచీ మీద కూర్చుని అయింది, ఈ మాట భార్యతో ఎన్నిసార్లన్నాడో, నాన్న నా పుస్తకాలు లాక్కుని అక్కకిచ్చాడే అని, ఆవిడ కూర తరుగుతూ, ఈ పాఠం విని విని నాకే టీచరుద్యోగం ఇచ్చేలా ఉన్నారు, ఇంక పరీక్ష పెట్టేయండి, అనేది, బడి మానిన ఆ పదమూడేళ్లవాడు కంటికి భూతద్దం బిగించుకుని గడియారాల ముసలాయన పక్కన పీట మీద కూర్చున్నాడు, తుమ్మొస్తే బయటికి పోయి తుమ్మరా, ఒక్క ముల్లు ఎగిరిందంటే రెండ్రోజులు నేల దేవులాడాలి, అనేవాడాయన, తుమ్ము ఆపుకుని ఆపుకుని కళ్లలో నీళ్లు తిరిగేవి, గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక సమయం చెప్పేవి కావు, ఎదురుగా వీధిలో బడి గంట కొడితే మాత్రం అన్నీ ఒక్క క్షణం ఆగినట్టుండేది, తర్వాత రేడియోలు, తర్వాత టీవీలు, తర్వాత ఇవి, ఏది తెచ్చినా మూత విప్పి లోపల చూడటమే అతని చదువు, లోపల ఎప్పుడూ దుమ్మే.

నూరు శాతం, కేబులు తీసి కొత్తదాన్ని లేపితే కళ్లు నులుముకున్నట్టు ఒకసారి మిణుకుమని వెలిగింది, అదే ఆకు బొమ్మ తెర, ఆకు మీద అదే నీటిబొట్టు, ఎనిమిది అని పేరుపెట్టిన అదే ఫోల్డరు, అన్నీ అక్కడే, అచ్చం అవే, కానీ లైసెన్సు లేదంటోంది, కీ కొట్టమంటోంది, నోటుబుక్కు వెనక నుంచి తిప్పాడు, అక్క గుండ్రటి రాత, బావ మందుల పేర్లు, అమ్మ పోయిన తేదీ, ఘడియలతో సహా, దాని కింద కీ, ఇరవై అయిదు అక్షరాలు, అయిదేసి చొప్పున అయిదు గుంపులు, ఒక్కో అక్షరం కొడుతూ పోయాడు, చెల్లలేదు, మళ్లీ కొట్టాడు, చెల్లలేదు, ఫోను నంబరిచ్చి దానికి చేయమంది, చేస్తే నిద్రపోయి లేచినంత తీరిగ్గా ఒక మరగొంతు, ఈ లైసెన్సును మీరు ఎన్ని కంప్యూటర్లలో వాడుతున్నారు, అంది, ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు కళ్లు మూసుకుని ఒకటి నొక్కిన చెయ్యి అది, ఇవాళ ఎదురుగా రెండు తెరలూ, రెండు ఆకులూ, రెండు నీటిబొట్లూ చూస్తూ చూస్తూ రెండు నొక్కింది, క్షమించాలి, ఇది ఒక్కదానికే, అని మరగొంతు ఫోను పెట్టేసింది, ఒక్కదానికే, సరిగ్గా నాన్న గొంతే, ఒక్కళ్లకే, అని.

ఇంక ఉన్న దారి ఒక్కటే, పాతదాంట్లో కూర్చుని దాని చేతే కీ వదిలించాలి, ఈ పనిలో ఉన్న మర్మం అంతే, కొత్తది ఎంత గింజుకున్నా లాక్కోలేదు, పాతదే వదలాలి, అతను పాతదాన్ని దగ్గరికి జరుపుకుని ఆదేశం కొట్టాడు, ఇంక ఎంటరు నొక్కడమే, చెయ్యి కదల్లేదు, కర్సరు మినుకుమంటోంది, వదిలేశాక ఇది ఏమవుతుంది, ఎందుకీ జాలి, ప్లాస్టిక్ డబ్బా మీద, అనుకుంటూ ఊరికే నోటుబుక్కు ముందు పేజీలు తిప్పాడు, మొక్క భాగాలు, వేరు, కాండం, ఆకు, ఆకు మీద వంకర నీటిబొట్టు, ఈ రాత అక్కది కాదు, ఇది నాది, ఇది నా ఎనిమిదో తరగతి నోట్సు, ఒళ్లు భగ్గుమంది, నా ఖాళీ పేజీలు కూడా వాడేసుకుందా, అవి కూడా మిగల్చలేదా, విసురుగా మూస్తే గోధుమరంగు అట్ట ఊడి చేతికొచ్చింది, దాని కింద పాత చీటీ, దాని మీద అతని పేరు, పేరు మీద అడ్డంగా రెండు గీతలు, గీతల కింద ఇది మా అక్క పుస్తకం అని, ఆ రాత నాన్నది కాదు, అక్కది కాదు, చివరి అక్షరానికి తోక లాగే ఆ అలవాటు ఇప్పటికీ అతని రసీదుల మీద ఉంది.

ముందుగదిలో ఎండ, నాన్న చొక్కా గుండీ పెట్టుకుంటూ, తీస్తూ, మళ్లీ పెట్టుకుంటూ, చదువు ఒక్కళ్లకే కుదురుతుంది, అని గోడకు చెబుతున్నాడు, ఎవరినీ ఏమీ అడగలేదు, ఏమీ లాక్కోలేదు, తలుపు వెనక అక్క, తడి జడ కొస నోట్లో పెట్టుకుని వినపడకుండా ఏడుస్తోంది, ఒక పిల్లవాడు పెన్ను తెచ్చి నేల మీద బోర్లా పడుకుని తన పేరు కొట్టేస్తున్నాడు, లేచి ఆ పుస్తకాన్ని అక్క సంచిలో కుక్కుతున్నాడు, నాకు బడంటే విసుగే, ఆ లెక్కల సారు నోరు ఒకటే కంపు, నేను పోను, నిజంగా విసుగేనా, అంది అక్క, నిజంగా, అన్నాడు, ఎంత గట్టిగా అన్నాడంటే, తను అబద్ధమాడిన సంగతి తనే మరిచిపోయేంత గట్టిగా, ముప్పై తొమ్మిదేళ్లు, అతను ఎంటరు నొక్కాడు.

పాతది ఆరిపోలేదు, ఆకు అలాగే ఉంది, బొట్టు అలాగే ఉంది, కుడి మూల కింద మాత్రం లైసెన్సు లేదని చిన్న మసక అక్షరాలు తేలాయి, అంతే, మిగతా అంతా బతికే ఉంది, కొత్తది ఇరవై అయిదు అక్షరాలూ నోరెత్తకుండా తీసుకుంది, నాలుగు కొట్టేలోపే గొడుగు విదిలించిన చప్పుడు, మాస్టారూ, అయిందా, అని గుమ్మంలో ఎగతాళిగా అక్క, ఊడిన అట్ట చూసి అక్కడే ఆగిపోయింది, అక్కా, నాకప్పుడు బడి విసుగేం కాదు, అన్నాడు, తెలుసురా, ఆ లెక్కల సారు దగ్గర నేనూ రెండేళ్లు చదివాగా, పాపం ఆయన నోరు ఎప్పుడూ లవంగాల వాసనే, అంది, అతనికి నవ్వొచ్చింది, తుమ్ములాగా, ఆపుకునేంతలో బయటపడిపోయింది, షట్టరు తాళాల కోసం సొరుగు వెతుకుతుంటే చేతులు ఎంతో తేలిగ్గా ఉన్నాయి, ఇన్నాళ్లూ దోచుకున్నారనుకున్న ఇంట్లో దొంగే లేడు, ఆ ఇంట్లో ఒకడు ఇచ్చాడు, ఒకతి దాచింది, ఆ ఇచ్చినవాడు తనే.