నా మీటలు

"నీకేం, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నారాయన, నేను కీబోర్డు మీద దుమ్ము తుడుస్తుంటే. పాప పుట్టాక నాదీ ఇంటి నుంచే పని. ఇద్దరం ప్రోగ్రామర్లమే, ఉన్నది ఒక్క కంప్యూటరు, వంతులవారీగా వాడుకుంటూ ఒకరి ఎడిటర్లో ఇంకొకరు వేలు పెట్టేవాళ్లం. ఆయన కోడ్ రాసే ఎడిటర్ వేరు, నాది వేరు. ఒకదాంట్లో వరుసను పైకి జరిపే షార్ట్‌కట్ ఇంకోదాంట్లో ఆ వరుసనే చెరిపేస్తుంది. తికమక లేకుండా రెండింట్లో షార్ట్‌కట్లకు ఒకే మీటలు పెట్టేద్దామన్నారు. మంచిదే. ఎవరివి పెడదామని మాత్రం అడగలేదు. "పుట్టింట్లో ఉప్పు డబ్బా ఎడంపక్క ఉండేదిట, ఇక్కడ కుడిపక్కకి అలవాటు పడలేదూ? ఇదీ అంతేనమ్మా" అన్నారు అత్తయ్య.

నాకంటూ షార్ట్‌కట్ల చిన్న ఫైలొకటి ఉండేది. ఏ ఎడిటర్ ముందు కూర్చున్నా నా వేళ్లు తడుముకోకుండా, మొదటి ఉద్యోగం నుంచి ఆరేళ్లపాటు ఒక్కో మీటా కలుపుకుంటూ రాసుకున్నది. దాన్ని పక్కన పడేసి, నా ఎడిటర్లో ఆయన మీటలు నా చేతులతో నేనే పెట్టాను. ఆ పని కూడా నాదే మరి! పాపను ఒళ్లో వేసుకుని మూడేళ్లు వాటితోనే నెట్టుకొచ్చాను.

మొన్న ఆఫీసులో టీమ్ లీడర్ పోస్టుకు పరీక్ష పెట్టారు. అందరి ముందూ పెద్ద తెర మీద, ఇరవై నిమిషాల్లో కోడ్‌లో తప్పు పట్టుకుని సరిచేయాలి. ఎవరి షార్ట్‌కట్లు వాళ్లు తెచ్చుకోవచ్చన్నారు. ఎంత సంబరపడ్డానో! నా పాత ఫైలు వెతికి పట్టుకెళ్లాను. ఆ మీటలు నాకు కొట్టినపిండి కదా అనుకున్నాను.

తప్పెక్కడుందో చూడగానే తెలిసింది. వరుసను పైకి జరపబోతే అది కాస్తా చెరిగిపోయింది. వెనక్కి తెద్దామని నొక్కితే తెర మీది కోడే మూసుకుపోయింది. నా వేళ్లు ఆయన మీటలే నొక్కుతున్నాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తల కొట్టేసినట్టయింది. తెలిసిన జవాబు చేతికి రాకుండానే గంట మోగింది.

"ఈ షార్ట్‌కట్లు మీవేనా?" అని పరీక్ష పెట్టినావిడ మెల్లగా అడిగింది.

"నావేనండీ" అన్నాను.

"పోతే పోయిందిలే, నీకెందుకు ఆ తలనొప్పి" అన్నారాయన ఇంటికొచ్చాక. పాపను ఆయన ఒళ్లో కూర్చోబెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు ఎడిటర్లలోనూ నా ఫైలు ఎక్కించాను.

తెల్లారి గదిలోంచి కేక. "ఏమేవ్, నా మీటలేమయ్యాయి? ఏది నొక్కినా ఇంకేదో అవుతోంది!"

"మీకేం, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నాను.

ఆయనకైతే చెప్పాను. నా మీటలు మళ్లీ నాకు అలవాటవడానికి ఎన్నాళ్లు పడుతుందో నాకే తెలియదు.