సొంతిల్లు అనుకో

“ఇల్లు నీది, నీ ఇష్టమే. నా బిడ్డకు మాత్రం మర్యాద తక్కువ గావొద్దు” అంటూ మినప్పప్పు గిన్నె ముందుకు జరిపింది అత్త శాంతమ్మ. కోదాడ నుంచి ఆడబిడ్డ కుటుంబం వస్తోందంటే చాలు, సూర్యాపేటలోని ఆ ఇల్లు నవనీతదైపోతుంది. రుబ్బడానికి, వండడానికి, అంట్లు తోమడానికి. వాళ్లు వెళ్లగానే మళ్లీ అత్తగారిదే. పన్నెండేళ్లుగా ఇదే వరస.

మిర్యాలగూడలో ఒంటరిగా ఉంటున్న నవనీత అమ్మకు సూర్యాపేట ఆసుపత్రిలో కంటి ఆపరేషన్. పది రోజులు ఇక్కడే ఉంచుకుందామని నిన్న హరీష్‌ని అడిగింది. భర్త ఫోన్లోంచి తలెత్తలేదు. “మా అమ్మనడగాలె గద. బిడ్డింట్ల అన్ని రోజులుంటే నలుగురేమనుకుంటరు? దవాఖాన కాడ కిరాయికి రూం తీసుకుందాం.”

పప్పు కడుగుతుంటే అమ్మే కళ్లముందు మెదిలింది. సాలమ్మ రైసుమిల్లులో బియ్యం చెరిగేది. ఒళ్లంతా తవుడే. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నవనీతకు ప్రాణం లేచొస్తుంది. సెలవుల్లో తను సద్దిగిన్నె పట్టుకుని మిల్లు గేటు దగ్గర ఎండలో కూర్చునేది. ఓ రోజు సేటు హీరాలాల్ “సొంతిల్లు అనుకుని పని చెయ్యి సాలమ్మా” అన్నాడు. అమ్మ మాటను మాటగానే తీసుకునే మనిషి. మధ్యాహ్నం కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా ఆఫీసులోకి నడిచి, కూలర్ ముందున్న సేటు కుర్చీలో కూర్చోబెట్టి, గిన్నె మూత తీసింది. సేటు గుడ్లప్పగించాడు. “నువ్వే గద సేటు, సొంతిల్లన్నవ్? మా ఇంట్ల మా బిడ్డ ఎండల కూసోదు.”

మర్నాటి నుంచి సేటు సొంతింటి ఊసెత్తితే ఒట్టు. నవనీతకు మాత్రం ఆరోజు సిగ్గుతో ముద్ద దిగలేదు. ఎంత పిచ్చిపిల్ల! ఆ చల్లగాలీ, పక్కన నిలబడి పచ్చిపులుసు కలిపిపెట్టిన ఆ తల్లీ ఇప్పుడు కావాలనిపించి కళ్లు నిండాయి.

ఇల్లు నీదన్న అత్త మాటను ఆమె పన్నెండేళ్లలో మొదటిసారి ఉన్నదున్నట్టు నమ్మింది. చేతులు తుడుచుకుని, అత్త ఎదురుగానే ఫోన్ కలిపింది.

“అమ్మా, సోమవారం వచ్చెయ్. ముందు రూంల నీకు మంచమేస్తున్న.”

“మీ అత్తనడిగినవా బిడ్డా? అల్లుడేమన్నడు?” అవతల అమ్మ గొంతు వణికింది. సేటును నిలదీసిన గొంతేనా ఇది?

శాంతమ్మ చూస్తూనే ఉంది. నవనీత గొంతు తగ్గించలేదు.

“ఎవర్నీ అడగలేదమ్మా. ఇయ్యాల్టి సంది అడుగుడు బంద్ వెట్టిన. నువ్వు పొద్దుగాల బస్సెక్కు.”