మేడ మీద చేపలు

మూడంతస్తుల మేడ కట్టుకున్నా ఆ వీధిలో ఆయనకు దక్కిన పేరు పొదుపాయన. ఎదురుపడితే మాత్రం 'ఓనరుగారూ' అనేవాళ్లు. మెట్ల మీద బల్బు వెలిగితే దొంగలకు దారి చూపినట్టేనని దాన్ని పీకించిన ఘనుడాయన. కింద టైలరు కొట్టు, మధ్యలో తాము, పై అంతస్తు అద్దెకు.

మేడకి ఇన్సూరెన్సు చేయిద్దామని భార్య ఎన్నిసార్లు అన్నా ఆయన చెవికెక్కలేదు.

"ఇల్లు కూలితే డబ్బిస్తామంటారు. అంటే నా ఇల్లెప్పుడు కూలుతుందా అని నేనే కాచుక్కూర్చోవాలా? శుభం పలకవే అంటే ఇదా నువ్వు పలికేది?"

"పోనీ, అద్దె వ్యవహారాలు చూసుకోడానికి పని తెలిసిన మేనేజరునైనా పెట్టండి. ఎదురు మేడవాళ్లు పెట్టుకున్నారుగా."

"ఇంట్లో మీ తమ్ముడుండగా బయటివాళ్లెందుకే?"

"వాడి సంగతి తెలిసే చెబుతున్నా" అని ఆవిడ నిట్టూర్చింది.

బామ్మర్దికి రాని విద్య లేదు, చేసే పనీ లేదు. జీతం అడగడు. రెండు పూటలా భోజనానికి మాత్రం ఠంచనుగా దిగుతాడు. ఇంతకంటే చవగ్గా మేనేజరు దొరకడని పొదుపాయన మురిసిపోయాడు.

బామ్మర్ది త్వరలోనే ఒకణ్ని వెతికి తెచ్చాడు. మడత నలగని చొక్కా, మెత్తటి మాట.

"ఇంట్లో కూర్చుని చేసుకునే వ్యాపారమండీ. చప్పుడుండదు" అన్నాడతను.

"పెళ్లాం పిల్లలు లేరు బావా! వంట కూడా చేసుకోడట. గోడలకి మసి పట్టదు" అంటూ బామ్మర్ది బావ చెవిలో ఊదాడు. గోడలు తెల్లగా ఉంటాయన్న ఆనందంలో ఆ వ్యాపారమేమిటని అడగడం ఇద్దరూ మర్చిపోయారు.

కొన్నాళ్లకి హాలు పైకప్పు మీద మరక కనబడింది. మోటారు ఎంతసేపు వేసినా ట్యాంకు ఖాళీ.

"చెమ్మ బావా, సున్నం వేస్తే పోతుంది" అన్నాడు బామ్మర్ది.

"పైకెళ్లి చూశావా?"

"వెళ్లకేం! గుమ్మంలో నిలబడి అరగంట మాట్లాడా. ఎంత మర్యాదస్తుడనుకున్నావ్!"

సున్నం వేశారు. మరక దాన్ని కూడా తడుపుకుంటూ పెద్దదైంది.

ఒక మధ్యాహ్నం పొదుపాయన సోఫాలో పేపరు చదువుతున్నాడు. పైన ఫెళ్లున చప్పుడైంది. ముందు పైకప్పులో పెద్ద పెచ్చు ఊడి చిల్లు పడింది, వెనకే నీళ్లు, నీళ్లతోపాటు నారింజ రంగు చేపలు. ఒకటి ఆయన ఒళ్లోనే పడి ఎగిరెగిరి కొట్టుకుంటోంది. భార్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆయన్నీ, చేపనీ చూసి, ముందు చేపని చేతిలో ఉన్న చెంబులో వేసింది.

పైకెళ్లి చూస్తే గదుల నిండా ఇనుప స్టాండులు, వాటి మీద గాజు తొట్లు. బాత్రూములో కూడా చేపలే. మర్యాదస్తుడు పగిలిన గాజు మధ్య చేపలు ఏరుకుంటున్నాడు.

"మీ నేల గట్టిగా లేదండీ! నా చేపలకి నష్టం ఎవరిస్తారు?" అని ఎదురడిగాడు.

నీళ్లు మెట్ల మీదుగా టైలరు కొట్లోకి పోయి, కుట్టి తగిలించిన పెళ్లిబట్టలన్నీ ముంచేశాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా, బట్టల కోసం వచ్చినావిడ ఆ చీకటి మెట్ల దగ్గర జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. తెల్లారేసరికి మర్యాదస్తుడు మిగిలిన చేపలతో సహా మాయం. అతను చెప్పిన చిరునామా ఉత్తిదే.

"అగ్రిమెంటేదిరా?" అని పొదుపాయన బామ్మర్ది చొక్కా పట్టుకున్నాడు.

"అంత మంచివాణ్ని కాగితం రాయమంటే ఏం బాగుంటుంది బావా!"

టైలరు గుమ్మంలో నిలబడ్డాడు. "పైనాయన పారిపోయాడు ఓనరుగారూ. పారిపోనిది మీరొక్కరే. మిమ్మల్నే అడగాలి."

చెయ్యి విరిగినావిడ భర్త కోర్టు నోటీసు పంపించాడు. ప్లీడరు మొట్టమొదట అడిగింది ఇన్సూరెన్సు ఉందా అని. పొదుపాయన తన శుభాశుభాల సిద్ధాంతం వివరించాడు. ప్లీడరు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఏమన్నా స్థలాలున్నాయా అమ్మడానికి?" అన్నాడు.

ఉంది. అమ్మేశాడు. హాస్టల్లో చదువుతున్న కూతురి కోసమని దాచిన స్థలం చేపలపాలైందని ఆయన ఏడుస్తుంటే, భోజనానికొచ్చిన బామ్మర్ది, "అసలు తప్పంతా స్లాబు వేసిన మేస్త్రీది" అన్నాడు. అక్క తమ్ముడికి అన్నం వడ్డించింది.

"కడుపునిండా తినరా. తిన్నాక ఈ మేడకి మేనేజరువన్న సంగతి మర్చిపో."

మర్నాడు ఎదురు మేడ చూసే మేనేజరమ్మను ఆవిడే పిలిపించింది. పక్కన కూర్చుని మరీ మొగుడి చేత ఇన్సూరెన్సు కాగితాల మీద సంతకాలు పెట్టించింది. మేనేజరమ్మ ప్రతి గదిలో గోడలు తట్టింది, వైర్లు చూసింది, మెట్ల మీద పొదుపాయన పోగేసిన పాత పేపర్లు తీయించింది.

పై అంతస్తులో ఒక కొత్త జంట అద్దెకు దిగింది. వాళ్లు రోజుకి ఎన్ని బకెట్ల నీళ్లు పోసుకుంటారో కనుక్కుందామని పొదుపాయన వెళ్లి తలుపు తట్టాడు. కిందికి దిగేలోపే, వాళ్ల ఫిర్యాదు అందుకున్న మేనేజరమ్మ ఫోను చేసింది.

"చెప్పకుండా అద్దెకున్నవాళ్ల తలుపు కొట్టకూడదండీ. ఏదన్నా ఉంటే నాకు చెప్పండి."

ఆయన మొహం గంటు పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"నా మేడలో నేనే అద్దెకున్నట్టుంది."

"అద్దెకున్నవాళ్లు నయం, చెబితే వింటారు" అంటూ భార్య వంటింట్లోకి వెళ్లిపోయింది.