తల తడవని మాస్టరు

ఈత నేర్పే మనిషి తల పది రోజులైనా తడవకపోతే ఎవరికైనా అనుమానం రాదా? మా సుజనకు రాలేదు. "నీకు పాలాయన మీదా అనుమానమే, కరెంటాయన మీదా అనుమానమేనమ్మా" అని నా నోరు మూయించింది నా కూతురు.

కల్లూరులో వాళ్ళింటి వెనక కొత్తగా ఈతకొలను కట్టారు. ఎండాకాలం సెలవులు కదా అని ఏడేళ్ళ మనవరాలు పవిత్రను అందులో చేర్పించింది. రోజూ పొద్దున తోడు పోయేది నేనే. మాస్టరు పేరు హరినాథ్. నల్లకళ్ళద్దాలు, మెడలో విజిల్, చెదరని క్రాపు. గట్టు మీద నిలబడి "కాళ్ళాడించండి, కాళ్ళాడించండి" అంటాడే గానీ ఒక్క మెట్టు దిగడు. భుజం మీది తువ్వాలు మడత కూడా విప్పడు.

నేను ఓర్వకల్లు దగ్గర మా చేని బావిలో, నడుముకు ఎండు సొరకాయ కట్టుకొని ఈత నేర్చుకున్నదాన్ని. నేర్పిన మా చిన్నాయన నాకంటే ముందే నీళ్ళలో ఉండేవాడు.

"ఏమప్పా, నువ్వు ఎప్పుడు దిగుతావు?" అని అడిగితే "జలుబు చేసిందమ్మా" అన్నాడు. మే నెలలో, కర్నూలు ఎండలో జలుబు! నాకు ఒళ్ళు మండింది. నా మనవరాలు మునిగితే ఈయన తీస్తాడా, తీయడా? అది తేలాల్సిందే.

పదకొండో రోజు పిల్లలంతా బయటికొచ్చి ఒళ్ళు తుడుచుకుంటున్నారు. ఇదే అదను అనుకున్నాను. కొంగు నడుముకు దోపి, లోతువైపు గట్టున నడుస్తూ కాలు జారినట్టు పడ్డాను. రెండు మునకలు వేసి చేతులు కొట్టుకున్నాను.

హరినాథ్ విజిల్ ఊదుతూ గట్టు చుట్టూ పరుగెత్తాడు. "ఎవురన్నా దిగండప్పా! అవ్వ మునిగిపోతాండాది!"

దొరికావురా అనుకున్నాను. అంతలో నా పక్కనే దబ్బుమని చప్పుడు.

పవిత్ర. నాకోసం దూకేసింది. ఆ లోతు దానికి రెండు నిలువులు. నీళ్ళ కింద దాని ఎర్ర చొక్కా కనిపించి నా పైప్రాణాలు పైనే పోయాయి. మునిగి, రెక్క పట్టుకొని పైకి లాగి గట్టెక్కించాను. దగ్గి, నీళ్ళు కక్కి, అప్పుడు ఏడ్చింది.

హరినాథ్ చేతులు జోడించాడు. "నాకు ఈత రాదమ్మా. ఫోన్లో చూసి నేర్పిస్తాండా." పది రోజులుగా దాచుకున్న తిట్లు పక్కనబెట్టి, ఆయన భుజం మీది తువ్వాలు లాక్కొని పవిత్ర తల తుడిచాను.

ఇంటికొచ్చాక పవిత్ర వాళ్ళమ్మకు గొప్పగా చెప్పింది. "అవ్వ మునిగిపోతాంటే నేనే దూకినా!" ఇంక దాస్తే రేపు ఇంకెవరికోసమో దూకుతుంది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

"ఎవురు మునుగుతాన్నా నువ్వు దూకగూడదు అమ్మీ. తువ్వాలో తాడో ఇసిరి, పెద్దోళ్ళను పిలవల్ల. ఇంకోటి... నేను మునగలేదు. మాస్టరుకు ఈత వచ్చునో రాదో చూద్దామని నాటకమాడినా. తప్పు నాదే."

"మునగలేదా?"

"లేదు."

అది నా ఒళ్ళోంచి లేచి దూరంగా నిలబడింది. నన్ను కిందినుంచి మీదికి చూసింది. పది రోజులు నేను హరినాథ్‌ను చూసిన చూపు అదే.